చేతిలో ట్యాబ్ ఉంటే చదువు వచ్చినట్టేనా?

జూన్ నెల వస్తోందంటే చాలు, ఇల్లాలి లెక్కలన్నీ తారుమారవుతాయి. ఫీజులు, పుస్తకాలు, అట్టలు, బూట్లు, సంచీ, ఆటో అతనికి అడ్వాన్సు... కొన్నేళ్లుగా ఈ జాబితాలో మరో పద్దు వచ్చి చేరింది. అదే ట్యాబ్! కొన్ని ప్రైవేటు బడుల్లో 'డిజిటల్ క్లాసు' పేరుతో విడిగా ఫీజు రాస్తున్నారు. మరికొన్ని చోట్ల ట్యాబ్ మేమే ఇస్తామంటూ దాని ఖరీదును ఫీజులో కలిపేస్తున్నారు. ఇక ప్రభుత్వ బడుల సంగతికొస్తే, లక్షల సంఖ్యలో ట్యాబులు ఉచితంగా పంచిన సంవత్సరాలు కూడా మనం చూశాం.

పలక మీద బలపంతో దిద్దుకున్న తరం మనది. పిల్లల చేతిలో మెరిసే ఆ కొత్త పలకను చూస్తే మురిపెమూ కలుగుతుంది, భయమూ వేస్తుంది. 'మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, మేం చదువుకోలేదా?' అని కొందరు కొట్టిపారేస్తారు. 'ట్యాబ్ లేని బడి కూడా ఒక బడేనా?' అని ఇంకొందరు. ఈ రెండు మాటల్లోనూ తొందరపాటు ఉంది. మంచిదా, చెడ్డదా అని అడిగితే కత్తిపీట గురించైనా జవాబు చెప్పలేం. ఎవరి చేతిలో ఉంది, దేనికి వాడుతున్నారు అనేదే అసలు విషయం.

బడిలోకి కొత్త వస్తువు రావడం ఇది మొదటిసారి కాదు. 1975 ఆగస్టులో అమెరికా ఉపగ్రహం సాయంతో మన దేశంలోని 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు వచ్చాయి. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. పగలు బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వేసేవారు. సరిగ్గా ఏడాది గడిచాక ఆ ప్రయోగం ముగిసింది. 1984లో 'క్లాస్' అనే పథకం కింద కొన్ని హైస్కూళ్లకు 'బి.బి.సి. మైక్రో' కంప్యూటర్లు వచ్చాయి. 2011 అక్టోబరులో 'ఆకాశ్' అనే ట్యాబ్ ను కేంద్ర ప్రభుత్వం ఎంతో ఆర్భాటంగా విడుదల చేసింది. ధర 2,276 రూపాయలు. ప్రపంచంలోకెల్లా చౌక అన్నారు. ఆ పేరు ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది చెప్పండి!

వీటన్నిటి మధ్యలో 1987లో 'ఆపరేషన్ బ్లాక్ బోర్డు' అని ఒక పథకం వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒక నల్లబల్ల ఉండాలన్నది దాని ఉద్దేశం. ఒక పక్క కంప్యూటర్లు పంచుతూ, మరో పక్క నల్లబల్ల ఉంటే చాలని కోరుకున్నాం. మన చదువుల తీరు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే!

మన రాష్ట్రంలో ఏం జరిగింది?

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీ ప్రారంభించింది. 8వ తరగతి చదువుతున్న 4 లక్షల 59 వేల మంది పిల్లలకు, వారికి పాఠాలు చెప్పే 59 వేల మంది టీచర్లకు కలిపి మొత్తం 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబులు ఇచ్చారు. వాటి ఖరీదే 686 కోట్ల రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. మరుసటి ఏడాది అదే రోజున అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలుపెట్టి మరో 4 లక్షల 34 వేల మందికి ఇచ్చారు. బైజూస్ సంస్థ తయారు చేసిన పాఠాలను ముందే అందులో నింపారు. ఇంటర్నెట్ లేకపోయినా పాఠం వచ్చే ఏర్పాటు ఉంది. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ వినవచ్చు.

ఈ పథకంలో మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది. కార్పొరేటు బడిలో లక్షలు కట్టి చదివే పిల్లలకు దొరికే పాఠం, మన్యంలోని గిరిజన బడిలో చదివే పిల్లకూ దొరికింది. ఇది చిన్న సంగతి కాదు. నెట్ అందని ఊళ్లున్నాయని గుర్తుపెట్టుకుని, పాఠాలను ట్యాబులోనే దాచి ఇవ్వడం కూడా తెలివైన పనే.

మరి ఆ తరువాత? 2024 జూలైలో బైజూస్ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ఒకప్పుడు 2,200 కోట్ల డాలర్ల విలువ చేస్తుందని చెప్పుకున్న సంస్థ అది. 2022లో ట్యాబ్ అందుకున్న పిల్లలు 2025లో 10వ తరగతి పరీక్షలు రాసేశారు. సిలబస్ మారితే ఆ పాఠాలను ఎవరు మారుస్తారు? బ్యాటరీ పాడైతే ఎవరు బాగుచేస్తారు? వారంటీ గడువు దాటితే రిపేరు ఖర్చు ఎవరు భరిస్తారు? వస్తువు కొనేటప్పుడే అడగవలసిన ప్రశ్నలివి. మిక్సీ కొన్నా సర్వీసు సెంటరు ఎక్కడుందో కనుక్కుంటాం కదా! పాఠ్యపుస్తకం మాత్రం ఏ కంపెనీ మూతపడినా తెరుచుకుంటుంది. అక్క చదివిన పుస్తకం చెల్లెలికి పనికొస్తుంది.

లోకం నేర్చుకున్న పాఠాలు

ఈ దారిలో మనకన్నా ముందు నడిచిన దేశాలున్నాయి. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం 'పిల్లకో ల్యాప్‌టాప్' పథకం కింద 8 లక్షలకు పైగా చిన్న ల్యాప్‌టాప్‌లు పంచింది. పల్లెటూళ్లలోని 319 బడులను పరిశీలించి 2012లో ఒక నివేదిక ప్రచురించారు. లెక్కల్లో గానీ భాషలో గానీ పిల్లలు మెరుగుపడినట్టు ఆధారమేదీ కనిపించలేదని తేల్చారు. కంప్యూటరు వాడడమైతే బాగానే వచ్చింది. చదువు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరం 2013లో బడి పిల్లలందరికీ ఐప్యాడ్లు ఇవ్వడానికి పూనుకుంది. వాటికీ, బడుల్లో నెట్ సౌకర్యానికీ కలిపి 130 కోట్ల డాలర్ల పథకం వేశారు. పాఠాలు తప్ప మరేమీ తెరుచుకోకుండా వాటికి తాళాలు వేశారు. ఒక హైస్కూల్లో పిల్లలు కొద్ది రోజుల్లోనే ఆ తాళాలు తీసేశారు! 2014 చివరికల్లా ఆ కొనుగోళ్లను ఆపేశారు. మన దగ్గరా కొందరు పిల్లలు ట్యాబుల తాళాలు తీయించి ఆటలు, సినిమాలు ఎక్కించుకున్నారని పత్రికల్లో చదివాం. పిల్లలు ఎక్కడైనా పిల్లలే. పదమూడేళ్ల వయసులో తాళం కనిపిస్తే తీసి చూడాలనిపించడం సహజం. తప్పంతా పిల్లల మీదకు నెట్టి ఊరుకుంటే ఎలా?

స్వీడన్ మరో పాఠం చెప్పింది. చిన్న పిల్లల బడుల్లోకి కూడా తెరలను తెచ్చిన ఆ దేశం, 2023లో పుస్తకాల వైపు తిరిగింది. పాఠ్యపుస్తకాల కోసం ప్రత్యేకంగా డబ్బు కేటాయించింది. కాగితం మీద చదవడానికీ తెర మీద చదవడానికీ తేడా ఉందా అని 54 అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. కథలు చదివినప్పుడు పెద్ద తేడా కనిపించలేదట. విషయం నేర్చుకోవలసిన పాఠాల్లో మాత్రం కాగితానిదే పైచేయి. పిల్లలు రేపు పబ్లిక్ పరీక్ష రాయవలసింది కూడా కాగితం మీద, కలంతోనే కదా! మూడు గంటల పాటు రాసే అలవాటు తప్పితే చేయి ఎలా తిరుగుతుంది?

అలాగని ట్యాబులన్నీ అటకెక్కించమనడం లేదు. మన ఢిల్లీలోనే జరిగిన ఒక ప్రయోగం గురించి తెలుసుకోవాలి. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి ప్రభుత్వ బడుల్లో చదివే 619 మంది పిల్లల మీద ఒక పరిశీలన జరిపారు. దాని ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. ముందు వాళ్ల కంటబడిన సంగతి గుండె బరువెక్కించేది. 6వ తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. పై తరగతులకు వెళ్లే కొద్దీ ఆ దూరం ఇంకా పెరిగింది. అంటే 6వ తరగతి పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లకు నిజంగా వచ్చింది 3వ తరగతి లెక్కలే.

వీళ్లలో కొందరికి 'మైండ్ స్పార్క్' అనే కంప్యూటరు పాఠాలు చెప్పారు. దాని గొప్పతనం ఏమిటంటే, పిల్ల ఏ తరగతిలో ఉందని చూడదు, పిల్లకు ఏం వచ్చునో చూస్తుంది. భిన్నాలు రాకపోతే భిన్నాల దగ్గరికే తీసుకెళ్తుంది. తప్పు చేస్తే ఎందుకు తప్పిందో కనిపెట్టి, దానికి తగ్గ మరో లెక్క ఇస్తుంది. రోజూ 45 నిమిషాలు కంప్యూటరు, 45 నిమిషాలు చిన్న గుంపులో మనిషి చెప్పే పాఠం. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ పిల్లలు స్పష్టంగా ముందుకొచ్చారు. బాగా చదివేవారికీ మేలు జరిగింది, వెనకబెంచీవారికీ జరిగింది.

పెరూలో ఫలితం రాలేదు, ఢిల్లీలో వచ్చింది. ఎందుకు? ఒకచోట పెట్టె ఇచ్చి 'నేర్చుకో' అన్నారు. మరోచోట పిల్ల ఆగిపోయిన చోటును వెతికి పట్టుకున్నారు, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టారు. తేడా అంతా అక్కడే ఉంది.

క్లాసులో యాభై మంది ఉంటే టీచరమ్మ మాత్రం ఏం చేస్తుంది? సిలబస్ పూర్తి చేయాలి. ఎక్కాలు రానివాళ్లూ, బీజగణితం వచ్చినవాళ్లూ ఒకే బెంచీ మీద ఉంటారు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరికి వేరే లెక్క ఇవ్వడం మనిషి వల్ల అయ్యే పని కాదు. అక్కడ ట్యాబ్ సాయం కావాలి. అంతేగాని, 8వ తరగతి పాఠాన్నే అందమైన బొమ్మలతో వీడియోగా చూపిస్తే, 4వ తరగతి దగ్గర ఆగిపోయిన పిల్లకు ఒరిగేదేమీ లేదు. అర్థంకాని పాఠం రంగుల్లో చూసినా అర్థం కాదు. దేశంలో పల్లె బడుల పిల్లలను పరీక్షించిన 'అసర్' 2024 నివేదిక చూడండి. 5వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవారు సగం మంది కూడా లేరు. ఈ పిల్లలకు కావలసింది మెరిసే పాఠం కాదు, వెనక్కి వెళ్లి చేయిపట్టి నడిపించే పాఠం.

ఆడపిల్ల చేతికి అందుతుందా?

ఈ చర్చలో సాధారణంగా ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. మన ఇళ్లలో యంత్రం ఎవరిది? ఒకే ఫోను ఉన్న ఇంట్లో అది ముందు నాన్నది, తరువాత అన్నది, ఛార్జింగ్ మిగిలితే చెల్లిది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్ లో నూటికి 21 మంది. మగవాళ్లు 49 మంది. తెలంగాణలోనూ ఆడవాళ్లు నూటికి 27 మంది అయితే, మగవాళ్లు 57 మంది. 'అసర్' 2024 నివేదికలోనూ ఇదే కథ. 14 నుంచి 16 ఏళ్ల వయసులో ఫోను వాడడం తెలిసిన మగపిల్లల్లో నూటికి 36 మందికి సొంత ఫోను ఉంటే, ఆడపిల్లల్లో 27 మందికే ఉంది.

2020లో కరోనా వల్ల బడులు మూతపడ్డప్పుడు ఈ తేడా ఎంత నష్టం చేసిందో మనందరికీ తెలుసు. తెలంగాణలో ఆ సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. టీవీ ఎదుట కూర్చున్న అమ్మాయిని 'ఒక్క నిమిషం, పొయ్యి మీద పాలు చూడు' అని లేపని ఇల్లు ఎన్నో చెప్పండి!

అందుకే, బడిలో ఇచ్చే ట్యాబ్ ఆడపిల్లకు చాలా పెద్ద సంగతి. ఆ పిల్ల జీవితంలో తన పేరున వచ్చిన మొదటి యంత్రం బహుశా అదే. అలాంటప్పుడు 'ట్యాబులు పిల్లల్ని చెడగొడుతున్నాయి, వెనక్కి తీసుకోండి' అని ఒక్క మాటతో తేల్చేస్తే ఎక్కువ నష్టపోయేది ఆడపిల్లే. మగపిల్లాడు ట్యాబులో సినిమా చూస్తే 'వాడి తెలివి చూశారా!' అని నవ్వుకుంటారు. అదే పని ఆడపిల్ల చేస్తే ట్యాబ్ లాక్కోవడంతో ఆగరు, చదువు మాన్పించే దాకా వెళ్తారు. ఒకే తప్పుకు రెండు శిక్షలు!

మరి ట్యాబ్ ఇంట్లో ఉండాలా, బడిలో ఉండాలా? ఇంటికి పంపితే అన్నయ్య చేతికి వెళ్తుంది. బడి వదిలాక ఒక గంట ఉండి నేర్చుకోమంటే బస్సు తప్పిపోతుంది, చీకటి పడుతుంది, అమ్మానాన్నలు ఒప్పుకోరు. కాబట్టి ట్యాబ్ పాఠం బడివేళల్లోనే జరగాలి, టైంటేబుల్లోనే దానికి ఒక పీరియడ్ ఉండాలి. ఆ నలభై నిమిషాలూ ఆడపిల్ల సొంతం. పాలు చూడమని లేపేవారుండరు. పెద్ద తరగతుల పిల్లలకు లైబ్రరీ పుస్తకంలా రాసుకుని ఇంటికి ఇచ్చి, తిరిగి తీసుకోవచ్చు. చిన్న తరగతుల వారికి మాత్రం ఇంటికి ఇవ్వకపోవడమే మేలు.

'తల్లిదండ్రులు పర్యవేక్షించాలి' అంటే ఎవరు?

బడి నుంచి వచ్చే ప్రతి కాగితంలోనూ ఒక వాక్యం ఉంటుంది. 'ట్యాబ్ వాడకాన్ని తల్లిదండ్రులు పర్యవేక్షించాలి.' రాసేటప్పుడు తల్లిదండ్రులు అనే రాస్తారు గాని, చూడవలసింది తల్లే! వంట చేస్తూ, అంట్లు తోముకుంటూ, ఉద్యోగం నుంచి వచ్చీ రాగానే, పిల్లాడు పాఠం చూస్తున్నాడో ఆట ఆడుతున్నాడో ఆమే కనిపెట్టాలి. ఆ యంత్రం ఎలా తెరవాలో ఆమెకు ఎవరూ చూపించరు. పాస్ వర్డ్ కొడుక్కి తెలుసు, అమ్మకు తెలియదు. రేపు పిల్లాడికి మార్కులు తగ్గితే 'ఇంట్లో ఉండి ఏం చేస్తున్నావు?' అన్న మాట మాత్రం ఆమెకే తగులుతుంది.

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడారని సామెత. వందల కోట్లు పెట్టి ట్యాబులు కొన్న చోట, అమ్మలకు రెండు గంటల శిక్షణ ఇవ్వడానికి డబ్బు లేదంటే నమ్మాలా? ట్యాబ్ ఇచ్చే రోజున పిల్లతో పాటు తల్లినీ పిలిచి, ఎలా తెరవాలో, ఏ పాఠం ఎంతసేపు చూశారో ఎక్కడ తెలుస్తుందో చూపిస్తే చాలు. చదువు రాని తల్లి కూడా నేర్చుకోగలదు.

ఆరోగ్యం విషయంలో మాత్రం మనం చేయగలిగింది మన చేతుల్లోనే ఉంది. ఇరవై నిమిషాలకోసారి తెర మీద నుంచి కళ్లు తిప్పి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్ల పాటు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. రోజూ కాసేపు ఎండలో, ఆరుబయట ఆడుకునే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తక్కువ. రెండేళ్లలోపు పిల్లలకు అసలు తెర చూపించవద్దని, ఐదేళ్లలోపు వారికి గంట మించనివ్వవద్దని మన దేశపు పిల్లల వైద్యుల సంఘమే చెప్పింది. అన్నం తినిపించడానికి ఫోను చూపించే అలవాటు ముందు మన ఇంట్లో మానాలి. మన చేతిలో పొద్దస్తమానం ఫోను పెట్టుకుని, పిల్లలకు నీతులు చెబితే వింటారా?

అడగండి... అడిగే హక్కు ఉంది!

ట్యాబ్ ఫీజు కట్టే ముందు, లేదా పిల్ల ట్యాబ్ తెచ్చుకున్న రోజున, బడికి వెళ్లి నాలుగు ప్రశ్నలు అడగాలి. ఒకటి, రోజుకు ఎంతసేపు, ఏ పీరియడ్లో వాడుతున్నారు? రెండు, మా పిల్లకు ఏం రాదో ఇది కనిపెడుతుందా, లేక అందరికీ ఒకే వీడియో చూపిస్తుందా? మూడు, టీచర్లకు దీని మీద శిక్షణ ఇచ్చారా? నాలుగు, పాడైతే ఎవరిది బాధ్యత? వీటికి సూటిగా జవాబు చెప్పలేని బడి ట్యాబ్ పేరుతో ఫీజు అడగడానికి తగదు.

'మమ్మల్ని అడగనిస్తారా?' అంటారేమో. 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులే కావాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అంటే బడిలో ఏం జరగాలో చెప్పడానికి చట్టం మనకు కుర్చీ వేసి పెట్టింది. చాలా చోట్ల ఆ కుర్చీలో పేరు మనది ఉంటుంది, సంతకం మనది ఉంటుంది, మాట మాత్రం మనవారెవరిదో ఉంటుంది. ఈసారి మీటింగుకు పిలుపు వస్తే పని మానుకునైనా వెళ్లండి. ట్యాబుల సంగతి మీరే ఎత్తండి.

ప్రైవేటు బడిలో అలాంటి కుర్చీ లేదు, నిజమే. కానీ అక్కడ ఫీజు కట్టే చేయి మనది. ఒక్క తల్లి అడిగితే పక్కకు పిలిచి సర్దిచెబుతారు. పదిమంది తల్లులు కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.

ట్యాబ్ వచ్చినా, రేపు ఇంకేదైనా కొత్త యంత్రం వచ్చినా, పిల్ల తప్పు చేసినప్పుడు కసరకుండా 'ఎక్కడ ఆగిపోయావమ్మా?' అని అడిగే టీచరు బడిలో ఉండాలి. ఆ టీచరుకు సాయంగా యంత్రం వస్తే స్వాగతం చెబుదాం. టీచరు ఖాళీని దాచడానికి వస్తే మాత్రం, ఎంత ఉచితంగా ఇచ్చినా వద్దని చెప్పే ధైర్యం మనకు కావాలి.